పొగ సోకని ఊపిరమ్మ గుట్ట

ఊపిరమ్మ గుట్టకు వచ్చే భక్తులు అగరుబత్తులు, కర్పూరం కిందనే వదిలి పైకి రావాలి. ఈ తల్లికి ధూపం లేదు, హారతి లేదు. గర్భగుడి ముందు మట్టికుండలో అడ్డసరం ఆకు మరుగుతూ ఉంటుంది. ఆ ఆవిరే అమ్మవారికి ధూపం. కొత్తగా వచ్చినవారు ఇదేమి వింత అని ముక్కున వేలేసుకుంటారు. కారణం తెలిశాక ఆ వేలు తీసి చేతులు జోడిస్తారు.

పూర్వం ఇక్కడ కొమురవ్వ అనే ఆవిడ మేకలు కాసుకొని బతికేది. భర్త కాలం చేశాక ఆమెకు కూతురు నీలవ్వే లోకం. ఒక చలికాలం ఆ పిల్లకు ఆయాసం పట్టుకుంది. ఛాతీలో ఒకటే పిల్లికూతలు. ఒక్క మాట చెప్పాలన్నా నడుమ నడుమ ఆగి ఎగపోసేది. పాలకుండలో మూతి పెట్టిన పిల్లిని అంతకుముందే కొమురవ్వ కర్రతో కొట్టి ఉంది. ఆ పిల్లియే బిడ్డ ఛాతీలో చేరి అరుస్తున్నదని నమ్మింది. దాన్ని వెళ్లగొట్టాలని తలుపులు మూసి సాంబ్రాణి వేసింది, నిప్పుల్లో ఎండుమిరపకాయలు పోసింది. పొగ పెరిగిన కొద్దీ కూతలు పెరిగాయి. కూతలు పెరిగిన కొద్దీ ఆమె మరింత పొగ వేసింది. పాపం, ఆమెకు తెలియకపోయింది గానీ ప్రేమకేమీ కొదవ లేదు.

బిడ్డ పెదవులు నల్లబడిన పూట, ఏడ్చి ఏడ్చి కొమురవ్వ గోడకు ఆనుకొని కునుకు తీసింది. కలలో ఒక ముత్తయిదువ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని దగ్గుతూ కనిపించింది.

"నీ పొగకు నాకే ఊపిరాడతలేదే! ముందు తలుపు తియ్యి. నేను నీ మేకలు మూతి పెట్టని చెట్టు కింద ఉన్న. ఆ ఆకు కాచి బిడ్డకు పొయ్యి" అన్నది.

కొమురవ్వ ఉలిక్కిపడి లేచి తలుపులు బార్లా తెరిచింది. గుట్టకు పరుగెత్తింది. దొరికిందల్లా నమిలే మేకలు అడ్డసరం పొదను మాత్రం తప్పించుకొని పోతాయి. ఆ పొద మొదట్లో మన్ను తొలగిస్తే అమ్మవారి శిల బయటపడింది. దండం పెట్టుకొని, ఆకు తెచ్చి కాచింది గానీ, ముంత బిడ్డ నోటికి అందించబోతూ ఆమె చెయ్యి ఆగిపోయింది. మేకలే ముట్టని ఆకు విషమైతే? తనకేమైనా కానిమ్మని ముందు తానే తాగింది. నాలుక కొంకర్లు పోయేంత చేదు. కాసేపు చూసి, తనకేమీ కాలేదని నిశ్చయించుకొని, మొహాన నవ్వు తెచ్చుకొని, "తియ్యగున్నది బిడ్డా, తాగు" అంది.

నీలవ్వ గుక్క గుక్కగా తాగింది. పొద్దు వాలే వేళకు ఛాతీలో కూతలు సన్నగిల్లాయి. పిల్ల లేచి కూర్చుంది.

"తియ్యగున్నదని అబద్ధం చెప్పి ఇంత చేదు తాగిస్తవా అమ్మా!" అని కసిరింది.

ఎక్కడా ఆగకుండా, ఒక్క ఊపిరిలో కసిరింది. ఆ తిట్టు విని కొమురవ్వ సంతోషం పట్టలేక బావురుమంది.

నేటికీ ఇక్కడ బిడ్డను తెచ్చిన తల్లి ముందుగా ఆ ఆకు కాచిన తీర్థం తాగి, "తియ్యగున్నది" అనాలి. గర్భిణులకు మాత్రం తీర్థం ఇవ్వరు. వారు ఆకును కళ్లకద్దుకుంటే చాలు. వైద్యులిచ్చిన పీల్చే మందు మానమని అమ్మవారు ఎన్నడూ చెప్పలేదు కనుక దానిని వెంట తెచ్చుకోగలరు. తీర్థం తాగిన పిల్లలు తల్లిని కసురుకుంటే ఇక్కడ ఎవరూ మందలించరు. ఆ కసురు నడుమ తెగకుండా వినబడితే, అమ్మవారు పలికినట్టే.