అడిగితేనే సాయం

ఆ ఏడు ఎండలకు కొండవాగు ఇసుకమేటగా మారిపోయింది. ఒడ్డునున్న నల్లమద్ది చెట్టు మీద పసిబిడ్డతో కొండముచ్చు పోలమ్మ కాపురం. కింద దుప్పి చుక్కమ్మ మేత. పోలమ్మ చిగుళ్ళు తింటూ సగం కిందికి రాల్చేది, చుక్కమ్మ వాటితో కడుపు నింపుకునేది. పైనున్న పోలమ్మకు దూరం కనబడేది. కిందున్న చుక్కమ్మకు గాలిలో వాసన తెలిసేది. చిరుతపులి జాడ ఎవరికి ముందు తగిలితే వాళ్ళు కేక పెట్టేవారు. ఈ పనికి ఇద్దరూ ఏ పేరూ పెట్టుకోలేదు.

పేరు పెట్టింది నక్క.

"ఏం పోలక్కా, మీ సహకారం బాగా సాగుతోందే!" అంది ఓ పొద్దున చెట్టు మొదట్లో చతికిలబడి.

"సహకారమా? అదేంటి తమ్ముడూ?"

"ఒకరు అడగాలి, ఇంకొకరు చెయ్యాలి. అదీ సహకారం. అడక్కుండా చేస్తే దాన్ని చాకిరీ అంటారు. 'వదినా, నాలుగాకులు వెయ్యవూ' అని చుక్కమ్మ ఏనాడైనా అందా?"

"లేదే."

"మరి? ఊరికే రాలే ఆకుకు విలువేముంటుంది? నీ మంచి కోరి చెప్పాను. నాకేం వస్తుంది చెప్పు?"

నక్కకేం వస్తుందో పోలమ్మ ఆలోచించలేదు. చిరుతకు వేట తప్పిననాడు, దాని ఎంగిలి తిని బతికే నక్కకూ పస్తే.

మర్నాడు ఒక్క ఆకూ రాలలేదు.

"ఏం వదినా, ఒంట్లో బాగోలేదా?" అంది చుక్కమ్మ.

"బాగానే ఉంది. ఇకమీదట నీకేం కావాలన్నా నోరు తెరిచి అడుగు. నాకు కావాల్సింది నేనూ అడుగుతాను. అడగందే ఎవరూ ఎవరికీ చెయ్యక్కర్లేదు. దాన్నే సహకారం అంటారట."

"అబ్బో, పెద్ద పెద్ద మాటలు నేర్చావే! సరే, అలాగే కానియ్."

చుక్కమ్మకు రోషం వచ్చింది. ఎండుగడ్డి కొరుక్కుంటూ దూరం జరిగిందే గాని అడగలేదు. పైనున్న పోలమ్మకు మనసు పీకుతూనే ఉంది. అయినా, 'అడగనీ చూద్దాం' అనుకుని చేతులు ముడుచుకుంది.

ఎండ ముదిరాక బిడ్డను పొట్టకు కరుచుకుని, ఇసుకలో నీరూరే చెలమ దగ్గరకు దిగింది. నేల మీదికి వస్తే ఎత్తు నుంచి చూసే వీలు లేదు, చుట్టూ పొదలు. ఇలాంటప్పుడు చుక్కమ్మే ఒడ్డున ముక్కెత్తి నిలబడేది. ఇవాళా నిలబడింది, కాకపోతే కాస్త ఎడంగా.

'వదినా, కాస్త కనిపెట్టుకుని ఉండు' అనాలనిపించింది పోలమ్మకు. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేసింది. బిడ్డను ఇసుక మీద దింపి నీళ్ళకు వంగింది.

చుక్కమ్మ కేక వినబడింది. పోలమ్మ తలెత్తేసరికి పొద కదులుతోంది. ఇసుక మీద బిడ్డ లేదు.

పొద్దు వాలుతుండగా చుక్కమ్మ చెట్టు కిందికి వచ్చింది.

"నాకు వాసన ముందే తగిలింది వదినా. కేక గొంతుదాకా వచ్చింది. నువ్వు అడగలేదు కదా అని రెప్పపాటు ఆగాను."

"నిన్ను ఆపింది నా మాటే," అంది పోలమ్మ.

వాగు అవతల నక్క మూతి నాక్కుంటూ పోయింది. ఇటువైపు చూడనైనా చూడలేదు.

పోలమ్మ చేతికందిన చిగురంతా తుంచి కిందికి వేసింది. చుక్కమ్మ దాన్ని ముట్టలేకపోయింది.

సాయం చెయ్యడానికి పిలుపు కోసం ఆగేవాళ్ళు, చివరికి ఏడుపు విని పరుగెత్తాల్సి వస్తుంది.