పీరమ్మ కొస

మా ముత్తవ్వకి ముత్తవ్వ చిన్నపిల్లగా ఉన్న కాలం. పెద్ద ఊరికి ఓ పక్కగా నాలుగే నాలుగు దూదేకుల ఇళ్లుండేవి. నాలుగో ఇంట్లో పీరమ్మ ఒక్కతే. పాత చీరలు పేర్చి బొంతలు కుట్టి బతికేది.

ఊరి పిల్లలు ఈ ఇళ్ల పిల్లలు కనిపిస్తే చాలు, "దూదిపింజా, ఊదితే ఎగిరిపోతావ్!" అని వెంటపడేవాళ్లు. రోజూ అదే. ఆ మాటలు పడీ పడీ మొదటి ఇంటి మస్తాను గడప దాటడం మానేశాడు. రెండో ఇంటి లాలమ్మ అన్నం మానేసింది. మూడో ఇంటి హుసేని మాటే మానేశాడు. తల్లులు తాయెత్తులు కట్టి ఊరుకున్నారు.

పీరమ్మ బొంత చంకన పెట్టుకుని మస్తాను ఇంటికెళ్లింది. ఏమైందిరా అని అడగలేదు.

"ఒరే, ఈ కొస కాస్త పట్టుకో. ఒక్కదాన్నే కుడితే ముడతలు పడుద్ది."

అటు కొస వాడు, ఇటు కొస ఆమె. నాలుగో రోజు వాడు ఏడ్చాడు. పదో రోజు "నీ కుట్టు వంకర పెద్దమ్మా" అని నవ్వాడు. తర్వాత లాలమ్మ దగ్గర కూర్చుంది. తర్వాత హుసేని దగ్గర. ముగ్గురూ తేరుకున్నారు.

ఆ ఏడు ముసురు పట్టినప్పుడు పీరమ్మకే మనసు కుంగింది. ఎందుకో ఆమెకీ తెలీదు. బొంత చంకన పెట్టుకుని మొదటి ఇంటికెళ్లింది.

"ఈ కొస కాస్త పట్టుకుంటారా?"

"మావాడు బాగానే ఉన్నాడు వదినా. గొర్రెలు తోలుకెళ్లాడు. వెళ్లిరా."

రెండో ఇంటికెళ్లింది.

"ఈ కొస కాస్త పట్టుకుంటారా?"

"లాలమ్మకేం అక్కా, నా ముద్ద కూడా అదే తింటోంది! వెళ్లిరా."

మూడో ఇంటికెళ్లింది.

"ఈ కొస కాస్త..."

"అమ్మో, మా హుసేని నోరు మూయించలేక చస్తున్నా. నువ్వింకా మాట్లాడించకే తల్లీ!" అని నవ్వింది వాడి తల్లి.

పీరమ్మ కూడా నవ్వింది. "సరేనమ్మా" అంది. ఇంటికెళ్లి తలుపేసుకుంది. ఆ ముసురంతా పొయ్యి రాజేయలేదు.

ముసురు తగ్గాక లాలమ్మ రొట్టె పట్టుకెళ్లింది. పీరమ్మ లేదు, ప్రాణం పోయింది. ఒళ్లో బొంత, దాన్నిండా ముడతలు. ఒక కొస కుట్టకుండా మిగిలిపోయింది.

హుసేని ఆ కొస పట్టుకుని, "ఆ రోజు ఆమె మా కోసం రాలేదమ్మా. తన కోసం వచ్చింది" అన్నాడు. తల్లులు తలలు దించుకున్నారు.

ఇప్పుడవి నలభై ఇళ్లు. ఏ బొంత కుట్టినా ఒక కొస వదిలేస్తారు. అది పీరమ్మ కొస. ఎవరైనా బొంతతో గుమ్మంలోకొస్తే, ముందు ఆ కొస పట్టుకుని కూర్చుంటారు. "మేం బాగానే ఉన్నాం. నువ్వెలా ఉన్నావ్?" అంటారు.

నలభై ఇళ్లలోనూ అడుగుతారు. ఆ రోజు మూడిళ్లలో ఒక్కరూ అడగలేదు.