గీతల్లేని వేలిముద్ర

ఆదివారం పూట తవిటినాయుడికి అన్నం సయించలేదు. తను తప్పు చేయలేదని తనకు తెలుసు. అయినా ముద్ద దిగలేదు. కంచం ముందు నుంచి లేచి పరదేశిస్వామి ఆశ్రమానికి బయలుదేరాడు. ఎప్పటిలాగే కిలో జీడిపప్పు పొట్లం వెంట పట్టుకున్నాడు.

నాయుడు జీడిపప్పు కార్ఖానాలో ఫిర్యాదులు తీసుకునే అధికారి. అక్కడ యూనియన్ లేదు. ఆడవాళ్ళు ఏ కష్టం చెప్పుకోవాలన్నా ఆయన బల్ల ముందుకే రావాలి. ఫిర్యాదు పుస్తకంలోకి ఎక్కితే విచారణ అయ్యేదాకా మనిషిని తీసేయకూడదు. ఎక్కకపోతే అడిగేవాడు లేడు.

“చేతులకి తొడుగులు ఇమ్మన్నందుకు దాలమ్మను మానిపించేస్తామన్నారట స్వామీ,” అన్నాడు నాయుడు చాప మీద కూర్చుని. “ఎవరిచేతో కాగితం రాయించి తెచ్చింది. కింద వేలిముద్ర చూద్దును కదా, ఒట్టి నల్లమచ్చ. ఒక్క గీత లేదు. మూడుసార్లు వేయించాను. మూడుసార్లూ మచ్చే. గీతల్లేని ముద్ర ఎవరిదైనా కావచ్చు కదా? తిప్పి పంపేశాను. ఫిర్యాదు పుస్తకంలోకి ఎక్కించడానికి పదిహేను రోజుల గడువు నిన్నటితో అయిపోయింది.”

“ఆవిడేమంది?”

“‘నాకున్న ఏలు ఇదే బాబూ, ఇంకోటి ఎక్కణ్ణించి తేను?’ అని నవ్వింది. ఇరవయ్యేళ్ళుగా పెంకులు ఒలుస్తోంది. జీడి నూనెకి గీతలన్నీ కాలిపోయాయి. పాపమే. కానీ రూలు రూలే కదా స్వామీ!”

స్వామి పొట్లం విప్పి ఒక పప్పు తీసి, వెలుగుకి ఎదురుగా పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంకొకటి తీశాడు. అంతలా కాల్చే పెంకులోంచి అంత తెల్లటి పప్పు ఎలా వస్తుందో, చిత్రం! అలా ఓ పది పప్పులు చూసి, పొట్లం మళ్ళీ కట్టి నాయుడి ఒళ్ళో పెట్టేశాడు.

“బాగాలేవా స్వామీ?”

“బాగున్నాయి. ఒక్కదాని మీదా వేలిముద్ర లేదు నాయనా. ఎవరు ఒలిచారో తెలియకుండా ఎలా తినను?”

నాయుడు నవ్వేశాడు. “ఎవరేమిటి స్వామీ, మా దాలమ్మావాళ్ళే! రోజూ చూస్తూనే ఉంటాను. గేటు దగ్గర మిషను కూడా వాళ్ళని గుర్తుపడుతుంది. మొదట్లో వేలు పెట్టేది ఉండేది. వీళ్ళ వేళ్ళు పట్టడం లేదని నేనే మార్పించి, ముఖం చూసేది…”

మాట అక్కడే ఆగిపోయింది.

“పనికి ముఖం చాలిందన్నమాట,” అన్నాడు స్వామి.

సోమవారం తెల్లారేసరికి నాయుడు ఫిర్యాదు పుస్తకం చంకన పెట్టుకుని గేటు దగ్గరున్నాడు. దాలమ్మ అప్పటికే వచ్చి మిషను ముందు నిలబడి ఉంది. ఎర్రదీపం వెలిగింది. కొంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ నిలబడింది. మళ్ళీ ఎర్రదీపమే.

“నీ పేరు నిన్నే తీసేశారమ్మా,” అన్నాడు కాపలా మనిషి ఎటో చూస్తూ.

దాలమ్మ వెనక్కి తిరిగింది. నాయుణ్ణి చూసి, ఆ రోజు నవ్వినట్టే నవ్వింది.

“సూడు బాబూ, నా ముకం కూడా అరిగిపోనాది.”

నాయుడు పుస్తకం తెరిచాడు. కలం తీశాడు. ఏ తేదీ వేయాలో తోచలేదు.