ఒర మీద నలభై ఒకటి

అన్యాయం జరిగింది సిపాయి పోచయ్యకి, రజబ్ నెల తొమ్మిదో తేదీన. కసరత్తులో అతని కత్తి గరిటె కాడలా వంగిపోయింది. సర్కారు కొందరికి ఇనప కత్తులిచ్చింది, అతనికిచ్చింది ఉక్కు కత్తి. ఉక్కు వంగదు. "నా కత్తి పిడికి ఎర్ర గుడ్డ ఉండె, ఇది నాది కాదు" అని అతనంటే, అసలుది అమ్ముకుని ఇనప కత్తి పెట్టుకున్నాడన్నారు. దొంగ దొరక్కపోతే దొరికినవాణ్ణే దొంగని చెయ్యడం అధికారులకి పుట్టుకతో వచ్చిన విద్య. పదమూడో తేదీ పొద్దున కుడిచెయ్యి నరకాలని కోట అధికారి కిల్లేదారు తీర్పు చెప్పాడు.

సాక్ష్యం చెప్పింది నగిషీ పనివాడు ముర్తుజా. కోటలో ఏ ఆయుధానికి ఆ ఆయుధం విడిగా తెలియాలి, ఒక గుర్తు రెండోదానికి ఉండకూడదు అని హుకుం వచ్చినప్పుడు, గుర్తులన్నీ చెక్కింది అతనే. ప్రతి ఒర మీదా వెండి తీగతో అంకె పొదిగాడు. అలల్లా మెరిసే అంకెలు. చూసినవాళ్లు వేళ్లతో తడిమి మురిసిపోయేవాళ్లు.

"నలభై ఒకటో గుర్తు పోచయ్యదే. నా గుర్తు అబద్ధం చెప్పదు" అన్నాడు దర్బారులో.

పన్నెండో తేదీ మధ్యాహ్నం ముర్తుజా తన సూఫీ గురువు రుక్నుద్దీన్ పీర్ మఠంలో ఉండగా, అక్కడికి పోచయ్య పెళ్లాం ఎల్లవ్వ వచ్చింది. ఏడుస్తూ రాలేదు. గుమ్మంలోంచే అందుకుంది.

"ఏమయ్యా ముర్తుజా! వెండి తీగకి ఉన్న విలువ నా మొగని చేతికి లేకపాయెనా? ఆ చెయ్యి పోతే రేపు దున్నేది నీ అంకెలా?"

"గుర్తు సరిగ్గానే ఉంది, ఎల్లవ్వా. నేనేం చెయ్యను?" అని ముర్తుజా గురువు వైపు తిరిగాడు. "మీరే చెప్పండి హజ్రత్. నా పనిలో తప్పుందా?"

పీర్ ఎల్లవ్వ వైపు చూసి, "ఈ తల్లి ఎండన పడి వచ్చింది. బావి నుంచి చల్లటి నీళ్లు తెచ్చి షర్బత్ కలుపు బేటా" అన్నారు.

ముర్తుజా నీళ్లు తెచ్చాడు. వంటింట్లో జాడీల మూతల మీద ఉన్న పేర్లు కూడా అతని చేతివే. 'చక్కెర' అని ఉన్న మూత తీసి, లోపలికి చూడకుండానే రెండు దోసిళ్లు పోసి, నిమ్మకాయలు పిండాడు. కలిపినవాడే ముందు రుచి చూడాలన్నది ఆ మఠం ఆచారం. గుక్కెడు తాగి, పరుగెత్తి పెరట్లో ఊశాడు.

"ఉప్పు! ఎవరో మూతలు మార్చారు!"

"నేనే" అన్నారు పీర్. "నీ రాతలో తప్పేం లేదు బేటా. చాలా అందంగా ఉంది."

ఎల్లవ్వ పకపకా నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఠక్కున ఆగింది. "వానలు వెలిసినంక నూనె రోజు చేసిన్రు గదా? కత్తులన్నీ దూసి, నూనె రాసి, ఎండకు పరిచిన్రు. మళ్ల ఒరల్ల పెట్టినప్పుడు ఏది దేన్ల పెట్టిన్రో ఎవడన్న చూసిండా?"

ముర్తుజా నోట్లో ఉప్పు అలాగే ఉంది. కడుక్కోలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా కోటకి పరుగెత్తాడు.

ఆయుధశాలలో ఒక్కో కత్తీ దూశాడు. ఉక్కువి ఉండాల్సిన ఒరల్లో ఇనపవి, ఇనపవాటిలో ఉక్కువి. అన్నిటి కొలతా ఒకటే కాబట్టి ఏ ఒరా కాదనలేదు. పోచయ్య కత్తి పిడికి అతనే చుట్టుకున్న ఎర్ర గుడ్డ ఉంది. అది ఉన్నది పద్దెనిమిదో ఒరలో. ఆ పద్దెనిమిదో సిపాయి జ్వరమొచ్చి రెండు వారాలుగా ఒర ముట్టనేలేదు.

కిల్లేదారు ఎర్ర గుడ్డ చూశాడు, కత్తి వంచి చూశాడు, వంగలేదు. పొద్దుగుంకక ముందే పోచయ్య సంకెళ్లు ఊడాయి. బయట నిలబడ్డ ఎల్లవ్వ అతని కుడిచెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "పద, ఇంట్ల కట్టెలు కొట్టేదుంది" అంది. అప్పుడు ఏడ్చింది.

మర్నాడు ముర్తుజా ఉలీ, కిల్లేదారుని అడిగి తెచ్చిన ఎర్ర గుడ్డ కత్తీ గురువు ముందు పెట్టి, తల వంచుకుని కూర్చున్నాడు.

"ఒరల మీదవి చెరిపెయ్యనా, హజ్రత్?"

"ఎందుకు? ఒరకి మాత్రం పేరుండొద్దా?" అన్నారు పీర్. ఎర్ర గుడ్డ కత్తి అతని ఒళ్లో పెట్టారు.

పిడి కింద, ఎవరూ తడిమి మురియని చోట, ఈసారి కత్తి మీదే, ముర్తుజా వెండి లేకుండా చెక్కాడు: నలభై ఒకటి. రజబ్ పదమూడు, హిజ్రీ 1081.