పచ్చదీపం గదిలో ఎరుపు

తాయారు గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. "ఎండలో ఆకు మాడిపోదేం మేడమ్?" అని ఒకమ్మాయి అడిగితే, ఎండలో ఒక కుండీ పెట్టించి దాని పక్కనే కూర్చోమన్నారట. సాయంత్రానికి ఆ పిల్ల కందిపోయి వచ్చింది గాని కుండీలో ఆకు మాత్రం నిక్షేపంగా ఉంది. ఈ సంగతి తెలిసినవాళ్ళంతా ఆవిడ ముందు నోరు అదుపులో పెట్టుకునేవాళ్ళు. కానీ గుండె నిండిపోయినప్పుడు నోరు ఊరుకుంటుందా? ఏలీషా విషయంలో అదే జరిగింది.

ఏలీషా ఆవిడకు ఆఖరి శిష్యుడు. ఆ వేసవితో విశ్వవిద్యాలయంలో ఆవిడ కొలువు ముగుస్తుంది. జీవరసాయన శాస్త్రంలో అడుగుపెట్టిన నాటి నుంచీ తాయారు గారు ఒక్కదాని వెంటే పడ్డారు. ఆకుకు అన్నం పెట్టేదీ వెలుగే, గాయం చేసేదీ వెలుగే. ఎండ తగిలినంతసేపూ ఆకు లోపల ఒక ముక్క చెడిపోతూనే ఉంటుంది, ఆకు దాన్ని తీసిపారేసి కొత్తది అమర్చుకుంటూనే ఉంటుంది. మంచి ముక్కల మధ్య చెడిన ముక్కనే గుర్తుపట్టి లాగేసే ప్రోటీను ఒకటుంది. దాని రూపం కళ్ళారా చూడాలన్నది ఆవిడ కోరిక. వయసులో ఉన్నప్పుడు చుట్టాలు పెళ్ళి మాటెత్తితే, "ముందు దాని మొహం చూడనివ్వండి, తరవాత మీరు చెప్పిన పెళ్ళికొడుకు మొహం చూస్తాను" అనేవారట. ఆ తరవాత అన్నది రానే లేదు.

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నారు. సముద్రాలవతల ఎవరో, పెద్ద యంత్రాలున్నవాళ్ళు, ఆ ప్రోటీను బొమ్మ కట్టి శాస్త్ర పత్రికలో అచ్చువేసేశారు. అది చూసిన రోజు ఏలీషాకు అన్నం సయించలేదు. ఇన్నేళ్ళ చాకిరీ బూడిదలో పోసిన పన్నీరయిందనుకున్నాడు. హైదరాబాదులో ఒక మందుల కంపెనీ వాళ్ళు ఎప్పటినుంచో రమ్మంటున్నారు, వస్తానని కబురు పెట్టేశాడు. ఇక మిగిలింది మేడమ్‌తో చెప్పడం, ప్రయోగశాల తాళంచెవి ఇచ్చేయడం.

ముందు బొమ్మ చూపించాడు. ఆవిడ కుప్పకూలిపోతారేమోనని భయపడ్డాడు కూడా. తాయారు గారు కళ్ళజోడు తుడుచుకుని, కంప్యూటరు తెర దగ్గరికి ముఖం పెట్టి, పుట్టిన పసిబిడ్డను చూసినట్టు చూశారు. "అబ్బ, ఎంత ముద్దుగా ఉందిరా!" అన్నారు. అంతలోనే వేలు ఒకచోట ఆగింది. బొమ్మలో ఒక మూల గీత తెగిపోయి చుక్కలు చుక్కలుగా ఉంది.

"ఇక్కడ చుక్కలు పెట్టారేం?"

"అది దాని తోక మేడమ్. ఎప్పుడూ ఊగుతూనే ఉంటుందట. వాళ్ళకి చిక్కలేదు."

"చిక్కలేదా!" అన్నారావిడ. చెడిన ముక్కను గుర్తుపట్టేది ఆ తోకేనని ఆవిడ మొదటినుంచీ అంటున్న మాట. ఆ గొంతులో ఉన్నది సంతోషమో, దిగులో ఏలీషాకు అంతుపట్టలేదు. తప్పిపోయిన మనిషి పక్క ఊళ్ళో కనిపించాడని విన్నవాళ్ళ గొంతులా ఉంది. ఆవిడకు మిగిలింది ఒక్క వేసవి. ఆ చుక్కల దాకా వెళ్ళే వ్యవధి ఆవిడకు లేదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అప్పుడు జారింది నోరు. "మనం వెతికింది ఇంకొకరికి దొరికాక, మనం ఇంకా వెతకడం దేనికి మేడమ్? నేను హైదరాబాదు వెళ్ళిపోతున్నాను. సోమవారం చేరాలి."

తాయారు గారు తెర మీంచి వేలు తీసేశారు. ఆగమనలేదు, వెళ్ళమనలేదు. "రేపు పొద్దెక్కకముందే మడిలో పాలకూర కోసుకురా. ఒక్కసారి పచ్చకణికలు తీసి చూద్దాం" అన్నారు, అంతే.

తెల్లారేసరికి ఏలీషా ఆకులు తెచ్చాడు. ఆ పనికి వాళ్ళకొక చీకటిగది ఉంది. అందులో పచ్చదీపం ఒక్కటే వెలుగుతుంది. ఆకు పచ్చని వెలుగును పెద్దగా పట్టించుకోదు గనక, ఆ దీపం కింద నూరితే దానికి తెల్లవారిందన్న సంగతి తెలియదు. మంచులో పెట్టిన రోట్లో, చల్లని ఉప్పునీళ్ళు పోసి, పసిపిల్లకు ఉగ్గు నూరినంత మెల్లగా నూరాలి. అప్పుడే లోపలి పచ్చకణికలు చెదరకుండా, ప్రాణంతో బయటికొస్తాయి. ఏలీషా చేతులు ఆ పని నిద్రలో కూడా చేయగలవు. ఆ పొద్దున మాత్రం మనసు అప్పుడే హైదరాబాదు బస్సెక్కి కూర్చుంది. బల్ల మీద ఉప్పునీళ్ళ సీసా, కణికలను కరిగించేసే అసిటోను సీసా పక్కపక్కనే ఉన్నాయి. జలుబు చేసి ముక్కు కూడా పనిచేయడం లేదు. చెయ్యి ఎటు పోయిందో అటే పోయింది.

"ఏలీషా, ఏం పోశావు?"

వాసన ఆవిడకు ముందు తెలిసింది. ఏలీషా రోట్లోకి చూసి తల పట్టుకున్నాడు. కణికలన్నీ కరిగిపోయాయి. గురువు దగ్గర ఆఖరి పని, అదీ నాశనం చేసి పోతున్నానే అని అతనికి ఏడుపొచ్చింది. "పారబోస్తాను మేడమ్" అన్నాడు.

"ఉండు. పారబోయడానికి తొందరేముంది?" తాయారు గారు ఆ పచ్చరసాన్ని వడకట్టి గాజుగొట్టంలోకి తీశారు. మిగిలిన ఒక్క ఆకునూ పక్కన పెట్టారు. పచ్చదీపం ఆర్పి, సొరుగులోంచి నీలపు టార్చి తీసి రెంటి మీదా వేశారు.

ఆకు మీద ఎరుపు ఉందో లేదో అన్నట్టుంది. గొట్టంలో రసం మాత్రం నెత్తురులా ఎర్రగా వెలిగింది. ఏలీషా దాన్ని వందసార్లు చూసినవాడే. డిగ్రీ పిల్లలకు ఏటా తనే చూపించి చప్పట్లు కొట్టించుకునేవాడు.

"ఏది బతికుంది?" అన్నారావిడ.

"ఆకు మేడమ్."

"మరి వెలిగేది అది కాదేం?"

పిల్లలకు అప్పజెప్పే పాఠమే అతని నోటికొచ్చింది. "ఆకులో పట్టుకున్న వెలుగు పక్కదానికి అందుతుంది మేడమ్. అక్కణ్ణించి ఆ పక్కదానికి. అలా చేతులు మారి పనిలో పడిపోతుంది, అందుకే బయటికి కనబడదు. గొట్టంలోది విడిపోయింది. వెలుగునైతే పట్టుకుంటుంది గాని, అందిద్దామంటే పక్కన..."

పాఠం అక్కడ తెగిపోయింది. ఎన్నిసార్లు చెప్పాడో ఆ మాట, అందులో మేడమ్ ఏనాడూ కనిపించలేదు. ఆవిడ టార్చి ఇంకా గొట్టం మీదే పట్టుకుని ఉన్నారు.

ఏలీషా లేచి పెద్ద లైటు వేశాడు. ఎరుపు మాయమై గొట్టంలో మామూలు పచ్చరసం మిగిలింది. తాళంచెవి ఇచ్చేద్దామని పొద్దున్నే చేత్తో పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు. దాన్ని తీసి మళ్ళీ జేబులో వేసుకున్నాడు. అప్పుడు చూశాడు ఆవిడ ముఖంలోకి.

"మేడమ్, మీ కళ్ళు ఎర్రబడ్డాయి."

"అసిటోను ఘాటులే నాయనా" అన్నారు తాయారు గారు. "వెళ్ళి ఇంకో గుప్పెడు ఆకు కోసుకురా, ఎండెక్కుతోంది."