ప్రతినిధి వడ్డన

పరాంకుశం గారిని ప్రశ్న అడిగినవాళ్లకు వెంటనే జవాబు దొరికేది కాదు. ముందు ఏదో ఒక పని దొరికేది. పెన్న ఒడ్డున ఒక ఆశ్రమం వారు నడిపే వాణిజ్య కళాశాలలో ఆయన చెప్పే పాఠం పేరు వాణిజ్య ధర్మం. ఎంబీఏలో చేరిన ప్రతివాళ్లూ అది చదివి తీరాల్సిందే. అందులో తప్పితే పట్టా రాదు. తంటా అంతా అక్కడే వచ్చింది.

పిల్లలకు ఆ పాఠం వద్దు. ఆ మాట చెప్పి రమ్మని తమ ప్రతినిధి శ్రీవత్సను ప్రిన్సిపాల్ దగ్గరికి పంపారు. వెళ్లాడు. "అందరికీ ఇబ్బందిగా ఉంది సార్, తీసేయండి" అన్నాడు. "ఏమిటయ్యా ఆ ఇబ్బంది?" అని ఆయన అడిగితే, "అంటే... అందరికీ సార్" అన్నాడు. అంతటితో అయిపోయింది. బయటికొచ్చాక వరండాలో ఎలాంటి స్వాగతం దొరికిందో మీరే ఊహించుకోండి.

"మన ప్రతినిధి గారు టీ తాగొచ్చార్రా!"

"బిస్కెట్లు కూడా పెట్టారా?"

ఆ నవ్వుల మధ్య ఒక మాట మాత్రం నవ్వులాటకు అన్నది కాదు. సోమవారం ఇంకొక్కసారి వింటామన్నారు కళాశాల పెద్దలు. అప్పుడూ ఏమీ తేలకపోతే పరీక్షకు ఎవరూ కూర్చోకూడదని క్లాసంతా తీర్మానించుకుంది. కూర్చోకపోతే అందరికీ ఏడాది పోతుంది. శ్రీవత్సకు గుండెల మీద కుంపటి పెట్టినట్టయింది.

ఎవరితో చెప్పుకుంటాడు పాపం? చిత్రం చూడండి, ఆ పాఠం చెప్పే గురువు దగ్గరికే పోయాడు. దణ్ణం పెట్టి, "గురువుగారూ, మీ పాఠమే వద్దంటున్నాం. అయినా అడగడానికి నాకు మీరు తప్ప ఎవరూ లేరు. అంతమంది తరఫున మాట్లాడుతున్నా నా మాటకు బలం ఎందుకు లేదు?" అన్నాడు.

పరాంకుశం గారు నొచ్చుకోలేదు. ఉత్తరీయం సర్దుకుంటూ, "ఇవాళ ద్వాదశి. అన్నదానానికి మనుషులు చాలలేదట. సాంబారు బకెట్ పట్టుకుంటావా?" అన్నారు.

ఆ ఆశ్రమంలో ఒక నియమం ఉంది. గోవింద నామం చెప్పి తినడం మొదలుపెట్టాక, పంక్తిలో వాళ్లు లేచేదాకా నోరు విప్పరు. కావాలని అడగరు, చాలనీ చెప్పరు. ఆకూ, చెయ్యీ, ముఖమూ చూసి వడ్డించేవాడే తెలుసుకోవాలి. శ్రీవత్స ఆ సంగతి విన్నాడు గానీ విని ఊరుకున్నాడు. నడుం వంచకుండా, ఆకుకొక గరిటె చొప్పున వరస చివరిదాకా దూసుకుపోయాడు. అందరికంటే ముందు బకెట్ ఖాళీ చేశాడు. ఎవరూ ఏమీ అనలేదు కనుక బాగానే వడ్డించాననుకున్నాడు.

వెనక్కి తిరిగి చూస్తే, ఒక ముసలాయన ఆకులో అన్నమే లేదు. ఉత్త సాంబారు అంచు దాటి పారుతుంటే వేళ్లతో ఆపుకుంటున్నాడు. ఆ పక్కన ఒక తల్లి, ఒడిలో పసివాడు. వాడికోసం నెయ్యి కలిపి ఆకులో ఒక వారకు పెట్టుకున్న పప్పన్నం మీద కారం సాంబారు పడింది. ఆమె ఆ ముద్దను తనవైపు జరుపుకుని, మళ్లీ అన్నం వచ్చేదాకా వాణ్ణి జోకొడుతోంది. శ్రీవత్స చూస్తున్నాడని గమనించి, పరవాలేదన్నట్టు నవ్వింది కూడా. ఆ నవ్వుకు అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

రెండో పంక్తికి వంగి నడిచాడు. ఒక్కో ఆకు ముందు ఆగాడు. ఈసారి బకెట్ ఎంతకీ ఖాళీ కాలేదు.

ఆ తర్వాత సోమవారం దాకా అతను గురువుగారికి కనిపించలేదు. హాస్టల్లో, క్యాంటీన్ బల్లల దగ్గర, బస్టాపులో తిరిగాడు. గట్టిగా అరిచేవాళ్లను వదిలేసి, ఎప్పుడూ మాట్లాడనివాళ్ల పక్కన కూర్చున్నాడు.

మీ ప్రాణం ఆ సమావేశం దగ్గరే కొట్టుకుంటూ ఉంటుంది, అందుకని ముందే చెప్పేస్తే మంచిది. క్లాసు వేళ మారింది, పరీక్షకు అందరూ కూర్చున్నారు. అయితే వినవలసింది దానికి ముందు, గురువుగారి గది గుమ్మంలో జరిగింది.

"పొద్దున ఏడు గంటలకు పెట్టిన మీ క్లాసుకు పల్లెల నుంచి బస్సు లేదండీ" అన్నాడు శ్రీవత్స, గడప అవతలే నిలబడి. "ఒకడు పాలకేంద్రంలో పని ముగించుకుని వస్తాడు. చెప్పుకోడానికి వాడికి సిగ్గు. చాలామందికి కోపం వేళ మీదే." ఆగిపోయాడు.

"ఇంకా ఉన్నట్టుందే?"

"ఉందండీ. ఒకమ్మాయి అంది... మీ పాఠంలో వ్యాపారి ఎప్పుడూ మగవాడేనట. వాళ్లమ్మ పచ్చళ్లు పెట్టి అమ్మి ఆ అమ్మాయిని చదివిస్తోంది. ఎన్నాళ్లు విన్నా మీ పాఠంలో వాళ్లమ్మ కనబడలేదట. అందుకే ఆ క్లాసులో కూర్చోబుద్ధి కాదట."

పరాంకుశం గారు ముందున్న పాఠం కాగితాలు తిరగేశారు.

"ఎవరా అమ్మాయి?"

"పేరు చెప్పనని మాటిచ్చానండీ."

ఆయన ముఖం విప్పారింది. కూర్చున్న చాప మీద కాస్త పక్కకు జరిగారు. అక్కడున్నది వాళ్లిద్దరే.

"లోపలికి రా, నాయనా" అన్నారు. "అంతమందిని గుమ్మంలో నిలబెట్టకు."