ఉప్పురాయికి అమ్మ గుర్తొస్తే

ఒకప్పుడు ఉప్పు నీళ్లలో కరిగేది కాదు. నమ్మరా? నమ్మకపోతే మానండి, కథ మాత్రం ఆగదు. పులుసులో వేస్తే గులకరాయిలా అడుగున కూర్చునేది. అందుకని జనం ఒక ముద్ద తినడం, ఒకసారి ఉప్పురాయి నాకడం, మళ్లీ ముద్ద తినడం. పెళ్లిభోజనాల్లో చూడాలి ఆ సంబరం!

ఆ ఉప్పును సముద్రం ఒడ్డున మడుల్లో పండించేది అప్పాయమ్మ. మడిలోకి సముద్రపు నీళ్లు పెట్టేది. సూర్యుడు కాసి కాసి ఆ నీళ్లను ఆవిరి చేసేవాడు. అడుగున తెల్లటి ఉప్పురాళ్లు పుట్టేవి. వాటిని చెక్కపలకతో లాగి గట్టు మీద గుట్ట పోసేది. పైన ఏమీ కప్పేది కాదు. కరగని ఉప్పుకు కప్పెందుకు?

సముద్రానికి మాత్రం ఒకటే బెంగ. "వెళ్లిన పిల్లలు ఒక్కరూ తిరిగి రాలేదే" అని రోజూ గట్టుదాకా వచ్చి తొంగిచూసేది. ఉప్పురాళ్లూ "అమ్మా!" అని ఏడ్చేవి. ఏం లాభం? వాటికి కాళ్లు లేవు.

చివరికి సముద్రం మబ్బును బతిమాలింది. "నువ్వూ నా కడుపున పుట్టినదానివేగా. నీ తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ ఎలాగైనా తీసుకురా."

మబ్బు వచ్చి గుట్ట మీద ఆగింది. "ఒరేయ్, నా చినుకుల్లో ఉన్నది అమ్మే. చినుకు తగలగానే నీళ్లయిపోండి. జారుకుంటూ ఇంటికి పోదాం."

టప్! టప్! చినుకులు పడ్డాయి. "అమ్మ! అమ్మ!" అంటూ ఉప్పురాళ్లు కరిగి కాలువ కట్టాయి. చూస్తుండగానే సగం గుట్ట మాయం.

అప్పాయమ్మ లబోదిబోమంటూ పరుగెత్తుకొచ్చింది. చేతికందిన తాటాకులన్నీ కప్పింది. అవి చాలక తనే గుట్ట మీద బోర్లా పడుకుంది.

"ఒలమ్మో, నా ఏడాది కట్టం! ఎక్కడికి పోతన్నారు?"

"అమ్మ దగ్గరికి! వదిలెయ్ అత్తా!"

"మీరు పోతే ఊరంతా చప్పిడి కూడే. నా పిల్లలకి గంజిలోకి ఏటి ఎయ్యాలి?" అని అప్పాయమ్మ భోరుమంది.

ఆ ఏడుపు విని సముద్రం మెత్తబడింది. తల్లి బాధ తల్లికి తెలియదా?

"సరే అప్పాయమ్మా, రాజీకొద్దాం. పొడిగా, మూత పెట్టి దాచుకున్నన్నాళ్లూ నా పిల్లలు నీ దగ్గరే ఉంటారు. నీటిచుక్క తగిలిందా, నా దగ్గరికి బయల్దేరతారు. అప్పుడు ఆపకూడదు."

"అలాగే తల్లీ, మాటిత్తన్నాను!"

గుట్టలో ఒక బుల్లి ఉప్పురాయి ముక్కు చీదింది. "మరి మూత కింద ఉన్నప్పుడు నువ్వు గుర్తొస్తేనో?"

"మబ్బు పట్టిన రోజు కొంచెం ఏడ్చుకో, నాన్నా" అంది సముద్రం.

అప్పటినుంచే ఉప్పు నీళ్లలో కరుగుతోంది. మడుల దగ్గర వాన రాకముందే గుట్టలకు తాటాకు కప్పుతున్నారు. తడిచెయ్యి ఉప్పుజాడీలో పెడితే అమ్మలు వేళ్ల మీద ఒకటి వేస్తున్నారు. అయినా వానాకాలం వచ్చిందంటే, మూత ఎంత బిగించినా, లోపల ఉప్పు చెమ్మగిల్లుతూనే ఉంటుంది.